బియ్యమా, డబ్బా? ముందు బజారును అడుగుదాం



2023 మే నెలలో మణిపూర్‌లో అల్లర్లు చెలరేగి వేలాది కుటుంబాలు ఇళ్లు విడిచి శిబిరాల్లో తలదాచుకున్నప్పుడు, మన తెలుగు సంఘాల్లో చాలా చోట్ల ప్రత్యేక కానుక పట్టారు. మా సంఘంలోనూ పట్టాం. కానుక లెక్కపెట్టడం అయ్యాక కమిటీలో వాదన మొదలైంది.

"అయ్యగారూ, డబ్బు పంపితే ఏ చేతికి పోతుందో తెలియదు. బియ్యమే కొని లారీ ఎక్కిద్దాం" అన్నారు ఒక పెద్ద.

"ఇక్కడి బియ్యం అక్కడికి చేరేసరికి లారీ కిరాయే బియ్యం ఖరీదు దాటిపోతుంది బ్రదర్. డబ్బే పంపుదాం, కావలసింది వాళ్లే కొనుక్కుంటారు" అన్నారు బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక సహోదరి.

ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. వాదన అరగంట సాగింది. అప్పుడు వెనక కూర్చున్న ఒక యువకుడు అడిగాడు: "అసలు అక్కడి బజార్లో బియ్యం దొరుకుతున్నాయా అయ్యగారూ? దొరికితే కిలో ఎంత?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. నా దగ్గరా లేదు.

ఆ కుర్రవాడి ప్రశ్నే ఈ వ్యాసానికి కారణం. యుద్ధం, అల్లర్లు, ముట్టడి ఉన్న చోట ఆకలిగొన్నవారికి సహాయం చేసే సంస్థలు ఈ రోజుల్లో బియ్యం బస్తాలకు బదులుగా చాలాసార్లు నగదు ఇస్తున్నాయి. ఎక్కడ నగదు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎక్కడ ఇవ్వకూడదు అని తేల్చుకోవడానికి ముందుగా బజారును చదువుతాయి. అదెలా చదువుతారో, సరిగా చదవకపోతే ఏమవుతుందో కానుక ఇచ్చే మనకు తెలిసి ఉండడం మంచిది.

సమరయ గుమ్మం దగ్గర ధర

యుద్ధకాలపు ధరల పట్టిక మన బైబిలులోనే ఉంది. సిరియా రాజు సమరయను ముట్టడించినప్పుడు పట్టణంలో గాడిద తల ఎనభై తులముల వెండికి అమ్ముడుపోయిందని రెండవ రాజుల గ్రంథం 6వ అధ్యాయంలో చదువుతాం. ధర్మశాస్త్రం ప్రకారం తినకూడని జంతువు, అందులోనూ తినడానికి పనికిరాని భాగం. దానికి అంత ధర పలికిందంటే ఆ పట్టణంలో ఇక ఏమీ మిగల్లేదని అర్థం. గ్రంథకర్త ముందుగా రేటు రాశాడు. ఆ ఒక్క రేటు చాలు.

7వ అధ్యాయంలో ఎలీషా ప్రవచనం కూడా ధర రూపంలోనే వచ్చింది. రేపు ఈ వేళకు గుమ్మం దగ్గర గోధుమపిండి ఇంతకు, యవలు ఇంతకు అమ్ముతారని చెప్పాడు. మరునాడు అలాగే జరిగింది. ఎందుకు జరిగింది? శత్రువు పారిపోయాడు, దారి తెరుచుకుంది, దండులో మిగిలిన సరుకు పట్టణంలోకి వచ్చింది.

ఇప్పుడు ఒక్క సంగతి ఆలోచించండి. ముట్టడి సాగుతుండగా ఇశ్రాయేలు రాజు తన ఖజానా తెరిచి ఇంటింటికీ వెండి పంచి ఉంటే ఏమయ్యేది? పిండి వచ్చేది కాదు. గాడిద తల ఎనభై నుంచి నూట అరవైకి పోయేది. సరుకే లేని చోట డబ్బు ఆకలి తీర్చదు, ధర పెంచుతుంది. మరునాటి పరిస్థితి వేరు. గుమ్మం దగ్గర పిండి ఉంది, చవకగా ఉంది. కానీ ముట్టడిలో ఉన్నదంతా అమ్ముకున్న విధవరాలి చేతిలో నాణెం లేకపోతే ఆ పిండి ఆమెది కాదు. ఆ రోజు ఆమెకు కావలసింది డబ్బే.

ఒకే పట్టణం, రెండు రోజులు, రెండు వేర్వేరు సహాయాలు. ఏ రోజు ఏది అవసరమో చెప్పేది గుమ్మం దగ్గరి బజారు.

ఆకలి రెండు రకాలు

సరుకు లేని ఆకలి ఒకటి. సరుకు ఉండి, కొనే శక్తి లేని ఆకలి మరొకటి. బయటనుంచి చూస్తే రెండూ ఒకేలా కనబడతాయి. పిల్లల ఎముకలు ఒకేలా తేలతాయి.

ఈ తేడాను లోకానికి స్పష్టంగా చూపించినవారు అమర్త్యసేన్. 1943 బెంగాల్ కరువు నాటికి ఆయన తొమ్మిదేళ్ల బాలుడు. ఆ కరువులో సుమారు 30 లక్షల మంది చనిపోయారని అంచనా. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యం కోసం, కర్మాగారాల కోసం ప్రభుత్వం కుమ్మరించిన డబ్బుతో ధరలు చుక్కలనంటాయి. కలకత్తాలో జీతం ఉన్నవాడు కొనగలిగాడు. పల్లెలో వ్యవసాయ కూలీ, పడవవాడు, జాలరి కొనలేకపోయారు. 1981లో వెలువరించిన 'పావర్టీ అండ్ ఫామిన్స్' అనే గ్రంథంలో సేన్ దీన్ని లెక్కలతో వివరించారు. అదే గ్రంథంలో ఇథియోపియాలోని వోలో ప్రాంతపు 1973 కరువు గురించి కూడా రాశారు. అక్కడ జనం చనిపోతున్నా ధాన్యం ధర పెద్దగా పెరగలేదు. ఎందుకంటే పంట పోయిన రైతు చేతిలో కొనడానికి ఏమీ లేదు. కొనేవాడు లేకపోతే ధర ఎందుకు పెరుగుతుంది?

కాబట్టి ధర పెరిగితేనే కరువు అనుకోవడం పొరపాటు. ధర ఒక్కటే చూస్తే చాలదు. ఆ ధరను మనిషి కూలి పక్కన పెట్టి చూడాలి.

కూలి పక్కన ధర

ఒక ఉదాహరణ చెబుతాను. లెక్క సులువుగా ఉండాలని అంకెలు నేనే వేసుకున్నాను. ఒక ఊళ్లో రోజు కూలి 300 రూపాయలు, జొన్నలు కిలో 30. అంటే ఒక రోజు కష్టానికి పది కిలోల జొన్నలు. యుద్ధం వచ్చింది. దారులు మూతబడి జొన్నలు కిలో 60 అయ్యాయి. పనులు తగ్గి, ఇళ్లు వదిలి వచ్చినవాళ్లు కూడా కూలికి పోటీపడడంతో కూలి 200కు పడింది. ఇప్పుడు ఒక రోజు కష్టానికి మూడు కిలోల పైచిలుకు మాత్రమే. ధర రెట్టింపయింది అని పేపర్లో వస్తుంది. ఆ ఇంటి కుండలో మాత్రం తిండి మూడో వంతుకు పడిపోయింది.

పశువుల మీద బతికే చోట ఇదే లెక్కను మేకతో వేస్తారు. ఒక మేకను అమ్మితే ఎన్ని కిలోల ధాన్యం వస్తుంది అని చూస్తారు. కరువులో అందరూ ఒకేసారి మేకలను సంతకు తోలతారు కాబట్టి మేక ధర పడుతుంది, ధాన్యం ధర లేస్తుంది. రెండు వైపులా నష్టమే.

ప్రకటన గ్రంథం 6వ అధ్యాయంలో నల్లని గుర్రం మీద త్రాసు పట్టుకున్నవాడు వచ్చినప్పుడు వినబడిన స్వరం కూడా ఈ లెక్కే చెబుతుంది. ఒక దేనారానికి ఒక కొలత గోధుమలు, అదే దేనారానికి మూడు కొలతల యవలు. దేనారమంటే ఆనాటి ఒక రోజు కూలి. ఆ కొలత గోధుమలు ఒక్క మనిషికి ఒక్క రోజుకే సరిపోతాయి. అంటే కూలివాడు తాను తింటే భార్యాపిల్లలకు లేదు. ఇంటిల్లిపాదీ తినాలంటే గోధుమలు మాని యవలకు దిగాలి. నేడు సోమాలియాలో, సూడాన్‌లో ధరలు సేకరించేవారు చూసేది సరిగ్గా ఇదే.

బజారును ఎలా చదువుతారు

మొదట, ఒక మామూలు కుటుంబం నెల రోజులు బతకడానికి ఏమేమి కొంటుందో పట్టిక వేస్తారు. ధాన్యం, పప్పు, నూనె, పంచదార, ఉప్పు, సబ్బు, వంటచెరకు, నీళ్లు, ఇంటి అద్దె. ఇది వాళ్లు నిజంగా తినేది, వాడేది అయి ఉండాలి. జొన్న తినే ఊరికి గోధుమ లెక్క పనికిరాదు. దీన్ని కనీస ఖర్చుల బుట్ట అంటారు.

రెండవది, ఆ బుట్టలోని ప్రతి వస్తువుకు బజార్లో ధర అడుగుతారు. ఒక్క కొట్టు సరిపోదు, కనీసం మూడు నాలుగు కొట్లు తిరగాలి. మూడు కొట్లలో 40, 42, 90 అని చెప్పారనుకుందాం. సగటు తీస్తే 57 వస్తుంది, కానీ ఆ బజార్లో 57కు ఎవరూ అమ్మడం లేదు. అందుకే ధరలను వరసగా పేర్చి నడిమి ధర తీసుకుంటారు. అది 42. కొలతతోనూ జాగ్రత్త ఉండాలి. మన మానిక, సోల ఊరికో రకంగా ఉన్నట్టే అక్కడి డబ్బాలూ, గిన్నెలూ ఒక్కో సంతలో ఒక్కో రకం. డబ్బాను తూకం వేసి కిలోలోకి మార్చకపోతే రెండు ఊళ్ల ధరలు పోల్చలేం. కొందరు వర్తకులు ధర పెంచరు, డబ్బా చిన్నది చేస్తారు. ఆ సంగతీ గమనించాలి.

మూడవది, ధర కన్నా ముఖ్యమైన ప్రశ్నలు. మీ కొట్లో సరుకు ఎన్ని రోజులకు వస్తుంది? అయిపోతే మళ్లీ తెప్పించడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఎక్కడి నుంచి వస్తుంది? దారిలో ఎన్ని చెక్‌పోస్టులు, ఎవరెవరికి ఎంత కట్టాలి? రేపు కొనేవారు రెట్టింపయితే తెప్పించగలవా? తెప్పించడానికి పెట్టుబడి ఉందా? అరువు ఇస్తున్నావా, మానేశావా? అనుభవం ఉన్నవారు చివరి ప్రశ్నను బాగా పట్టించుకుంటారు. ఊరి కొట్టువాడు అరువు ఆపేశాడంటే ఆ ఊరి మీద అతనికి ఆశ పోయిందని అర్థం.

నాలుగవది, బజారుకు ఎవరు వెళ్లగలరు? సరుకు ఉంది, ధర బాగుంది, కానీ దారిలో సాయుధులున్నారు. స్త్రీలు ఆ దారిన వెళ్లలేరు. వృద్ధులు అంత దూరం నడవలేరు. వాళ్ల వరకు ఆ బజారు లేనట్టే.

ఐదవది, డబ్బు విలువ. యెమెన్‌లో 2020 నుంచి సనాలో ఉన్న పాలకులు కొత్తగా అచ్చయిన నోట్లను చెల్లనివ్వలేదు. దాంతో ఒకే దేశంలో ఒకే పేరున్న రియాల్‌కు రెండు విలువలు ఏర్పడ్డాయి. 2021 చివరికి సనాలో డాలరుకు సుమారు 600 రియాల్‌లు ఉంటే, ఏడెన్‌లో 1,500 దాటాయి. దేశమంతటికీ ఒకే లెక్కన నగదు ఇచ్చి ఉంటే ఒక పక్క కుటుంబానికి నెల గడిచేది, ఇంకో పక్క వారానికే చేయి ఖాళీ అయ్యేది.

ఇంత అడిగాక ఎంత ఇవ్వాలో లెక్క వేస్తారు. బుట్ట ఖరీదు నెలకు 6,000, కుటుంబం ఎలాగో సంపాదించేది 2,000 అనుకుంటే, లోటు 4,000. ఆ 4,000 ఇస్తారు. తర్వాత ధరలు నూటికి 30 వంతు పెరిగాయనుకోండి. బుట్ట 7,800 అవుతుంది. సంపాదన అదే 2,000. లోటు ఇప్పుడు 5,800. అంటే ధర 30 శాతం పెరిగితే సహాయం 45 శాతం పెరగాలి. నెల నెలా ధర చూడకుండా పాత మొత్తమే ఇస్తూ పోతే, కాగితం మీద సహాయం అందుతూనే ఉంటుంది, ఇంట్లో పొయ్యి మాత్రం ఆరిపోతుంది.

ఆ ధర అక్కడే పుట్టదని కూడా గుర్తుంచుకోవాలి. మన కాకినాడ రేవు నుంచి ఆఫ్రికా దేశాలకు ఓడల కొద్దీ బియ్యం వెళ్తాయి. 2023 జూలై 20న మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది, 2024 సెప్టెంబరు 28న ఎత్తివేసింది. ఇక్కడ మన వంటింటి ధర అదుపులో ఉంచడానికి తీసుకున్న నిర్ణయం, బియ్యం దిగుమతి మీద ఆధారపడిన దేశాల సంతల్లో ధరను కదిలించింది. బజారును చదివేవారు ఆ దేశపు దారులే కాదు, ఓడల రాకపోకలూ చూడాలి.

సోమాలియా, 2011

ఈ విద్యకు పెద్ద పరీక్ష దక్షిణ సోమాలియాలో ఎదురైంది. 2010 చివరి వానలు తప్పాయి. ఆ తర్వాతి వానలూ చాలలేదు. అక్కడి ప్రధాన ఆహారం మనకు తెలిసిందే, ఎర్ర జొన్న, మొక్కజొన్న. ఆ ప్రాంతంలో ఎక్కువ భాగం అల్ షబాబ్ అనే సాయుధ గుంపు చేతిలో ఉంది. బెదిరింపుల వల్ల, వారు పెట్టిన షరతుల వల్ల ప్రపంచ ఆహార కార్యక్రమం 2010 జనవరిలోనే దక్షిణాన చాలా చోట్ల పని ఆపేసింది. కాబట్టి ధాన్యపు లారీలు లేవు.

ధరలు సేకరించేవారు మాత్రం ఆగలేదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నడిపే విశ్లేషణ విభాగం, ఫ్యూస్ నెట్ అనే కరువు హెచ్చరిక సంస్థ కలిసి సంతల్లో ధరలు, కూలి రేట్లు, మేకల రేట్లు చూస్తూ 2010 ఆగస్టు నుంచే హెచ్చరికలు జారీ చేస్తూ వచ్చాయి. కూలివాడి జొన్నలు నెల నెలా తగ్గిపోతున్నాయి. లెక్క స్పష్టంగానే ఉంది.

అయినా లోకం కదలలేదు. 2011 జూలై 20న బకూల్, దిగువ షబెల్లె ప్రాంతాల్లో కరువు ఉందని అధికారికంగా ప్రకటించాకే పెద్ద మొత్తంలో డబ్బు కదిలింది.

లారీలు వెళ్లలేని చోట ఏం చేయాలి? కొన్ని సంస్థలు నగదు ఇద్దామన్నాయి. చాలామంది వెనుకాడారు. ఇంత పెద్ద ఎత్తున డబ్బు పోస్తే ధరలు ఇంకా పెరగవా? సాయుధుల చేతికి పోదా? ఇక్కడే బజారు పరిశోధన ఉపయోగపడింది. ప్రభుత్వం కూలిపోయి ఇరవై ఏళ్లయినా సోమాలి వర్తకులు వ్యాపారం ఆపలేదు. మొగదిషు రేవులోకి బియ్యం, పిండి, నూనె వస్తూనే ఉన్నాయి. కెన్యా సరిహద్దు మీదుగా సరుకు వస్తూనే ఉంది. తక్కువైంది ప్రధానంగా కొనేవారి చేతిలో డబ్బు.

పంపే దారి కూడా ఉంది. హవాలా అంటే మన దేశంలో నేరం గుర్తొస్తుంది. అక్కడ అది విదేశాల్లో ఉన్న బిడ్డలు తల్లిదండ్రులకు డబ్బు పంపుకునే రోజువారీ వ్యాపారం, పల్లెపల్లెకూ మనిషి ఉంటాడు. ఆ దారిన, కూపన్ల ద్వారా, 2011–12లో సుమారు 15 లక్షల మందికి సహాయం అందింది.

తర్వాత జరిగిన మదింపులో తేలిన సంగతులు ఇవి. ఆ డబ్బు వల్ల ఆహార ధరలు పెరిగినట్టు కనబడలేదు. కొత్త పంట, దిగుమతులు రావడంతో కొన్ని నెలల్లో ధరలు దిగాయి. కుటుంబాలు ఆ డబ్బులో ఎక్కువ భాగం తిండికే వాడాయి. కొంత కొట్టువాడి బాకీ తీర్చాయి. బాకీ తీరాక కొట్టువాడు మళ్లీ అరువు మొదలుపెట్టాడు. అవినీతి లేకపోలేదు. ముఖ్యంగా నిరాశ్రయుల శిబిరాల్లో 'కాపలాదారులు' అనిపించుకున్న పెత్తందార్లు పేదల సహాయంలో వాటా గుంజుకున్నారు. అయితే ఆహారం పంచినప్పుడు కూడా ఈ బెడద ఉండేది.

ఇక బాధాకరమైన మాట. 2013లో వెలువడిన అధ్యయనం ప్రకారం 2010 అక్టోబరు నుంచి 2012 ఏప్రిల్ వరకు ఆ కరువులో చనిపోయినవారు దాదాపు 2,58,000 మంది. వారిలో సగానికి పైగా అయిదేళ్ల లోపు పిల్లలు. కరువు ప్రకటన వెలువడేసరికే వారిలో చాలామంది మట్టిలో కలిసిపోయారు. ధర ముందే సాక్ష్యం చెప్పింది. విన్నవారు ఆలస్యంగా విన్నారు. నగదు సహాయం విజయమే, కానీ ఆలస్యంగా వచ్చిన విజయం. చనిపోయిన బిడ్డకు ఏ మదింపు నివేదికా ఊరట ఇవ్వదు.

డబ్బు పనిచేయని చోటు

సోమాలియా చూసి ఎక్కడైనా డబ్బే మేలు అనుకుంటే మళ్లీ తప్పులో కాలేసినట్టే. సూడాన్‌లో 2023 ఏప్రిల్ 15న యుద్ధం మొదలైంది. ఉత్తర డార్ఫుర్ రాజధాని ఎల్ ఫాషర్‌ను 2024 మే నుంచి ఆర్.ఎస్.ఎఫ్. అనే సాయుధ దళం ముట్టడించింది. ఆ నగరం పక్కనున్న జంజమ్ శిబిరంలో కరువు ఉందని 2024 ఆగస్టులో నిర్ధారించారు. ముట్టడి బిగిసేకొద్దీ నగరం చుట్టూ మట్టికట్ట కూడా పోశారు.

ఫోన్లలో డబ్బు పంపే యాప్ ద్వారా బయటి బంధువులు, దాతలు డబ్బు పంపారు. స్థానిక యువకులు ఆ డబ్బుతో ఉమ్మడి వంటశాలలు నడిపారు. కానీ రోజురోజుకూ కొనడానికి సరుకు తగ్గిపోయింది. చివరికి జనం 'అంబాజ్' తిన్నారు. అంబాజ్ అంటే నూనె తీశాక మిగిలే వేరుశెనగ చెక్క, మనం పశువులకు పెట్టేది. తర్వాత అదీ దొరకడం కష్టమైంది. 2025 అక్టోబరు 26న నగరం ఆ దళం వశమైంది.

ఇది సమరయ మొదటి రోజు. ఇక్కడ కావలసింది సరుకు, దానికన్నా ముందు దారి. అటువంటి చోట నగదును పెంచుతూ పోవడం సమాధానం కాదు. సరుకు బళ్లను లోపలికి రానివ్వమని ముట్టడించినవారిని లోకమంతా గట్టిగా అడగడమే మొదటి సహాయం. బజారు పరిశోధకుడు "ఇక్కడ నగదు పనిచేయదు" అని రాసినప్పుడు, ఆ మాట దాతకు నచ్చకపోయినా అదే అతడు చేయగల మేలు.

మన మనసులోని సందేహం

సంఘాల్లో నేను తరచుగా వినే మాట ఒకటుంది. "డబ్బిస్తే తాగేస్తారు." ఈ సందేహాన్ని ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2014లో పరీక్షించారు. వివిధ దేశాల్లో పేదలకు నగదు ఇచ్చిన పథకాలపై వచ్చిన 19 అధ్యయనాలను కలిపి చూశారు. నగదు ఇచ్చినందువల్ల మద్యం, పొగాకు మీద ఖర్చు పెరిగిందనడానికి ఆధారం దొరకలేదు. అవన్నీ యుద్ధ ప్రాంతాలవి కావు, నిజమే. అయినా బిడ్డ ఆకలి ముందు తల్లి ఎలా లెక్క వేస్తుందో మనకు తెలియనిది కాదు.

బియ్యం ఇస్తే దుర్వినియోగం కాదన్న నమ్మకమూ సరి కాదు. మందు కావలసినవాడికి బియ్యం ఇస్తే, ఆ బియ్యాన్ని సగం ధరకు అమ్మి మందు కొంటాడు. నష్టం అతనిదే.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం వరదల తర్వాత మా సంఘం ఒక ముంపు గ్రామానికి లారీడు బియ్యం తీసుకెళ్లింది. ఫొటోలు తీసుకున్నాం, ప్రార్థన చేశాం, సంతోషంగా తిరిగొచ్చాం. అప్పటికే ఆ ఊరికి ప్రభుత్వ బియ్యం అందింది. మా తర్వాత ఇంకో రెండు సంస్థలూ బియ్యమే తెచ్చాయి. ఆ ఊళ్లో ఒకే ఒక కిరాణా కొట్టు ఉంది. వరదలో అతని సరుకూ తడిసిపోయింది. అయినా నీళ్లు తీయకముందే ఊరికి అరువు ఇచ్చినవాడు అతనే. మేమందరం వెళ్లిపోయాక రెండు నెలలు అతని కొట్లో బియ్యం కొన్నవారు లేరు. కొన్నాళ్లకు నేను మళ్లీ వెళ్తే అతను కోపంగా మాట్లాడలేదు. "ఒక్కమాట అడిగి తెస్తే బాగుండేది అయ్యగారూ. జనానికి అప్పుడు కావలసింది పిల్లల పుస్తకాలు, దుప్పట్లు" అన్నాడంతే. ప్రేమతోనే వెళ్లాం. అడగకుండా వెళ్లాం.

అది శాంతికాలం, తప్పు చిన్నది. యుద్ధం ఉన్న చోట అదే తప్పు ప్రాణాల మీదికి వస్తుంది.

కానుక ఇచ్చే ముందు

మనలో ఎవరూ ఎల్ ఫాషర్ సంతకు వెళ్లి ధర అడగలేం. కానీ మన కానుక తీసుకునే సంస్థను అడగవచ్చు. అడగడం అవిశ్వాసం కాదు. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయంలో పౌలు, కానుకను తానొక్కడే మోయకుండా సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంటబెట్టుకున్నాడు. ప్రభువు దృష్టికే కాక మనుష్యుల దృష్టికి కూడా మంచిగా ఉండాలనుకున్నాడు.

అడగవలసినవి నాలుగు ప్రశ్నలు. మీరు సహాయం చేసే చోట బజారు నడుస్తోందా, చివరిసారి ఎప్పుడు చూశారు? ఇచ్చే మొత్తం ఏ లెక్క మీద నిర్ణయించారు, ధర మారితే మారుస్తారా? బజారుకు వెళ్లలేనివారికి ఏ ఏర్పాటు చేశారు? ధరలు సేకరించే స్థానికుల భద్రత, సమాచారం ఇచ్చిన వర్తకుల పేర్ల గోప్యత ఎలా కాపాడుతున్నారు? ఈ చివరిది మరువకండి. యుద్ధంలో ఎవరి దగ్గర ఎంత సరుకు ఉందన్న సమాచారం తప్పుడు చేతిలో పడితే ఆ కొట్టు దోపిడీకి గురవుతుంది.

ఈ నాలుగింటికి సూటిగా జవాబు చెప్పగలిగిన సంస్థ నగదు ఇచ్చినా, బియ్యం ఇచ్చినా మన కానుక మంచి చేతిలో ఉన్నట్టే.

క్లౌదియ చక్రవర్తి కాలంలో యూదయలో కరువు వచ్చింది. అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయంలో అంతియొకయ శిష్యులు ఒక్కొక్కరు తమ శక్తికొలది పోగుచేసి, బర్నబా, సౌలుల చేత అక్కడి పెద్దలకు పంపారు. ఆ కాలపు యెరూషలేము కరువు గురించే యూదు చరిత్రకారుడు జోసీఫస్ మరో సంగతి రాశాడు. అదియాబెనె దేశపు రాణి హెలెనా ఆ సమయంలో యెరూషలేములో ఉంది. ఆకలితో చనిపోతున్నవారిని చూసి తన మనుషులను అలెగ్జాండ్రియాకు పంపి ధాన్యం కొనిపించింది, సైప్రస్ నుంచి ఎండు అంజూరపు పండ్లు ఓడలో తెప్పించింది. ఆమె కుమారుడు ఇజాటెస్ రాజు మాత్రం సంగతి విని యెరూషలేము పెద్దలకు డబ్బు పంపాడు.

దగ్గరుండి చూసిన తల్లి ధాన్యం తెప్పించింది, దూరాన విన్న కుమారుడు డబ్బు పంపాడు. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు. ఒకరు సరుకు లోటు తీర్చారు, ఒకరు చేతి లోటు తీర్చారు.

మరోసారి మన కమిటీలో బియ్యమా, డబ్బా అన్న వాదన వచ్చినప్పుడు, వెనక కూర్చున్న కుర్రవాడి ప్రశ్నను ముందుకు తెద్దాం. అక్కడ దొరుకుతున్నాయా? కిలో ఎంత? కూలివాడు కొనగలడా? ఈ మూడు మాటలు అడిగి, జవాబు విని, ఆ తర్వాతే కానుక పంపుదాం.